ఫ్రిట్జ్ వుండర్లిష్ కీర్తిలో గొంతు వాటా ఎంత, అకాల మరణం వాటా ఎంత?

కృష్ణాతీరం

ఈ వేదికలో జర్మన్ టెనర్ గాయకుల ప్రస్తావన అప్పుడప్పుడూ వచ్చింది గాని, ఫ్రిట్జ్ వుండర్లిష్ గురించి విడిగా చర్చ జరిగినట్టు కనిపించలేదు. ఆయన 1930 సెప్టెంబర్ 26న పుట్టి, 1966 సెప్టెంబర్ 17న, ముప్ఫై ఆరో పుట్టినరోజుకు తొమ్మిది రోజుల ముందు మరణించాడు. 1955లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరపు ఒపెరాలో, అంటే గానంతో నడిచే నాటకాల శాలలో, ఉద్యోగంలో చేరిన నాటి నుంచి లెక్కిస్తే వృత్తి జీవితం పదకొండేళ్లకు మించదు. అంత తక్కువ కాలంలో పాడిన గాయకుడి రికార్డింగులు ఇప్పటికీ కొత్తగా ముద్రణకు వస్తున్నాయంటే, ప్రతి తరంలోనూ కొత్త శ్రోతలు ఆయనను వెతుక్కుంటున్నారంటే, దానికి కారణమేమిటన్నది నా ప్రశ్న.

చిన్న వయసులో పోవడం వల్లనే ఆయన చుట్టూ ఒక కథ అల్లుకుందనీ, అరవై ఏళ్లు బతికి ఉంటే నలుగురిలో ఒకడిగా మిగిలేవాడనీ కొందరు విమర్శకులు అంటారు. నేను ఈ మాటను అంగీకరించను. ప్రసిద్ధమైన స్టూడియో రికార్డుల కన్నా, ఏ హడావుడీ లేకుండా జర్మన్ రేడియో స్టేషన్ల కోసం మామూలు పనిదినాల్లో పాడిన టేపులు నాకు ఎక్కువ నమ్మకం కలిగించాయి. వాటిలో హాండెల్ ఉంది, బాఖ్ ఉంది, ఇప్పుడెవరూ పట్టించుకోని ఆపరెట్టాలు (తేలికపాటి వినోద ఒపెరాలు) ఉన్నాయి. రేపు చనిపోతాననో, దీన్ని లోకం దాచుకుంటుందనో తెలిసి పాడిన పాటలు కావవి. జీతానికి పాడిన పాటలవి. వాటిలోనూ శ్రుతి, ఉచ్చారణ, శ్వాస ఒక్కచోట కూడా సడలలేదన్నది నా వాదన. సభ్యులు తమ అభిప్రాయాలు రాయగలరు.

రాతివీణ

కృష్ణాతీరం గారూ, మంచి చర్చ మొదలుపెట్టారు. ఆయన పెరిగిన తీరు తెలిస్తే మీరు చెప్పిన పనిదినాల సంగతి ఇంకా స్పష్టమవుతుంది కాబట్టి, బాల్యం గురించి నాలుగు మాటలు చేరుస్తాను.

పుట్టిన ఊరు కూసెల్. అది ఫాల్ట్స్ ప్రాంతంలోని చిన్న పట్టణం, ఆ రోజుల్లో బవేరియా ఏలుబడిలో ఉండేది. తల్లి ఆనా వయొలిన్ వాయించేది, తండ్రి పౌల్ బృందగానాలు నడిపేవాడు. దంపతులు కొంతకాలం ఊళ్లో ఒక భోజనశాల కూడా నడిపారు. తండ్రి మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డవాడు. ఆరోగ్యం దెబ్బతిని, జీవనాధారం పోయి, నాజీల ఒత్తిడి కూడా తోడై 1935లో ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి పిల్లవాడికి ఐదేళ్లు. తల్లి సంగీత పాఠాలు చెప్పుకుంటూ పిల్లలను పెంచింది. ఇంట్లో సంగీతం ఉంది గాని డబ్బు లేదు, అందువల్ల సంగీతమే డబ్బు తేవలసి వచ్చింది. కుర్రవాడు అకార్డియన్, ట్రంపెట్ పట్టుకొని నాట్యబృందాలతో తిరుగుతూ, యుద్ధం ముగిసిన తరువాతి ఇరుకు రోజుల్లో ఊరూరా వాయించాడు.

1950లో ఫ్రైబర్గ్ సంగీత కళాశాలలో చేరాడు. విద్యార్థి వేతనం దొరికినా అది సరిపోక, రాత్రిళ్లు బృందాలతో వాయించడం కొనసాగించాడు. అక్కడ మార్గరెటె ఫాన్ వింటర్‌ఫెల్ట్ దగ్గర గాత్రం నేర్చుకుంటూనే ఫ్రెంచ్ హార్న్ అనే ఊదే వాద్యం కూడా అభ్యసించాడు. ఈ హార్న్ సంగతిని చాలామంది ఒక వాక్యంలో దాటేస్తారు గాని, నా దృష్టిలో అది చాలా ముఖ్యం. హార్న్ వాయించేవాడికి శ్వాసను ఒకే ఒత్తిడితో, పొదుపుగా, వాక్యం చివరిదాకా నిలపడం మొదటి పాఠం. గమ్యస్వరాన్ని ముందుగా మనసులో వినకుండా ఊదితే స్వరం పగిలిపోతుంది. ఈ రెండు అలవాట్లూ ఆయన పాటలో అడుగడుగునా వినిపిస్తాయి.

మూడోకాలం

నేను పదేళ్లకు పైగా కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాణ్ని. ఒపెరాకు మాత్రం కొత్త. టెనర్ అంటే పురుష గాత్రాల్లో పై స్థాయి అని తెలుసు. అయితే టెనర్లు తారస్థాయిలో పాడేటప్పుడు కేకలా వినిపిస్తుందని నాకు ఎప్పుడూ ఒక ఇబ్బంది. ఆ ఇబ్బంది లేకుండా ఈయనను వినాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో పెద్దలు చెప్పగలరా?

తానం

మూడోకాలం గారూ, మోజార్ట్ 1791లో రాసిన ‘మ్యాజిక్ ఫ్లూట్’ ఒపెరాలో టమీనో అనే రాకుమారుడు పమీనా చిత్రపటాన్ని చూసి పాడే పాట ఒకటి ఉంది. ‘డీస్ బిల్ట్‌నిస్’ అని మొదలవుతుంది. 1964లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో కార్ల్ బోమ్ నిర్వహణలో (వాద్యబృందాన్ని నడిపించేవాడే నిర్వాహకుడు) డాయిచె గ్రామోఫోన్ సంస్థ చేసిన రికార్డింగులో అది వినండి. మీరు కర్ణాటక సంగీతం తెలిసినవారు కాబట్టి దాని ఎత్తుగడ మీకు ఇట్టే అందుతుంది. ఆధార షడ్జాన్ని ఇ-ఫ్లాట్ అనుకుంటే, మొదటి మాట పంచమం మీద పడుతుంది, వెంటనే రెండో అక్షరం తారస్థాయి అంతర గాంధారానికి ఎగురుతుంది. మధ్యలో మెట్లు లేవు. పంచమం నుంచి పై గాంధారానికి ఒక్క గెంతు, ఆ తరువాత మెల్లగా కిందికి దిగడం.

చాలామంది టెనర్లు ఆ గాంధారాన్ని కింది నుంచి జార్చి పట్టుకుంటారు, లేదా బలంతో కొడతారు. ఇబ్బంది పెట్టే కేక అక్కడే పుడుతుంది. వుండర్లిష్ పంచమంలో ఉన్న రంగునూ బరువునూ మార్చకుండా గాంధారం మీద నిలబడతాడు. అక్కడ నిలిచాక గాని స్వరం కొద్దిగా విచ్చుకోదు. చిత్రపటాన్ని చూసిన మనిషి ఆశ్చర్యంతో అరవడు గదా, ఊపిరి ఒక క్షణం పైకి పోతుంది, అంతే. స్వరకర్త రాసింది కూడా అదే. ఆ గెంతుకు తగినంత శ్వాసను మాత్రమే ఖర్చు పెట్టి, దిగుతున్న వాక్యానికి మిగతాది దాచుకోవడం చూస్తే, రాతివీణ గారు చెప్పిన హార్న్ విద్య ఇక్కడ పని చేసిందని నాకూ అనిపిస్తుంది.

ఆ రికార్డింగులో పపగేనోగా డీట్రిష్ ఫిషర్-డీస్కావ్, పమీనాగా ఎవెలిన్ లియర్, సరాస్ట్రోగా ఫ్రాంజ్ క్రాస్ పాడారు. స్త్రీ గాత్రాల విషయంలో విమర్శకులు ఏకాభిప్రాయానికి రాలేదు. టమీనో విషయంలో మాత్రం నాకు తెలిసి ఎవరికీ పేచీ లేదు.

నెక్కర్ ఒడ్డు

నేను స్టుట్‌గార్ట్‌లో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ని, ఇక్కడి ఒపెరాకు వీలైనప్పుడల్లా వెళ్తుంటాను. టమీనో పాత్ర గురించి తానం గారు రాశారు కాబట్టి, ఆ పాత్ర ఆయనకు ఎలా దక్కిందో చెప్పడానికి ఇదే సందర్భం.

ఫ్రైబర్గ్‌లో విద్యార్థిగా ఉండగానే 1954లో కళాశాల ప్రదర్శనలో టమీనో పాడాడు. 1955లో స్టుట్‌గార్ట్ ఒపెరా ఆయనను చేర్చుకున్నప్పుడు ఇచ్చింది మాత్రం చిన్న వేషాలే. మొదటి వేషం వాగ్నర్ ‘మైస్టర్‌సింగర్’లో ఉల్‌రిష్ ఐస్‌లింగర్. గుంపులో నిలబడి నాలుగు ముక్కలు పాడే పాత్ర అది. 1956లో ఆ ఒపెరాలోని ప్రధాన లిరిక్ టెనర్ (తేలికైన, మృదువైన గొంతు గల టెనర్) యోజెఫ్ ట్రాక్సెల్ పాడలేని పరిస్థితిలో టమీనో పాత్రకు ఈ కుర్రవాణ్ని దించారు. ఆ తరువాత చిన్న వేషాలు ఇచ్చే అవసరం వారికి రాలేదు.

ఇక్కడ జర్మన్ నాటకశాలల పద్ధతి ఒకటి తెలుసుకోవాలి. ఊరూరా ఒక ఒపెరా ఉంటుంది. దానికి ఏడాది పొడుగునా జీతం మీద పనిచేసే గాయకుల బృందం ఉంటుంది. ఇవాళ మోజార్ట్ పాడినవాడు ఎల్లుండి కొత్తగా రాసిన ఆధునిక రచన పాడాలి, ఆపై వారం ఆపరెట్టాలో నవ్వించాలి. సంగీత నిర్దేశకుడు ఫెర్డినాండ్ లైట్‌నర్ హయాంలో స్టుట్‌గార్ట్ అలాంటి గట్టి బృందాన్ని నిలబెట్టింది. వుండర్లిష్ అక్కడ తయారైన మనిషి. 1959 డిసెంబర్‌లో కార్ల్ ఓర్ఫ్ రచించిన ‘ఈడిపుస్ డెర్ టిరాన్’ మొదటిసారి ఇక్కడే ప్రదర్శించినప్పుడు, అంధ ద్రష్ట టిరేసియాస్ పాత్ర ఆయనదే. మృదువైన మోజార్ట్ గాయకుడని పేరు పడ్డవాడికి అది ఎంత దూరపు పాత్రో ఊహించండి. భార్య ఎఫా యుంగ్‌నిచ్ ఇదే ఒపెరా వాద్యబృందంలో హార్ప్ వాయించేది. 1956లో పెళ్లి చేసుకున్నారు, ముగ్గురు పిల్లలు కలిగారు.

అదే 1959 వేసవిలో సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో కార్ల్ బోమ్ నిర్వహణలో రిఖార్డ్ స్ట్రౌస్ ‘డీ ష్వైగ్‌సామె ఫ్రావ్’లో హెన్రీ పాత్ర పాడాడు. హాన్స్ హోటర్, హెర్మన్ ప్రై, హిల్డె గ్యూడెన్ వంటి హేమాహేమీల మధ్య పాడి, ఎవరి నీడనా పడకుండా నిలబడ్డాడు. ఆ తరువాత 1960లో మ్యూనిక్, 1962లో వియన్నా ఆయనను పిలుచుకున్నాయి.

పాతరికార్డు

అందరూ ఒకే వైపు మొగ్గుతున్నారు కాబట్టి ఎదురు వాదన నేను చేస్తాను. ఆ గొంతు అందమైనదని నేనూ ఒప్పుకుంటాను, కానీ ఆయన కీర్తికి మూడు పరిమితులు ఉన్నాయి.

మొదటిది, ఆయన పాడిన ఇటాలియన్, రష్యన్, చెక్ ఒపెరాల్లో ఎక్కువ భాగం జర్మన్ అనువాదంలో పాడినవే. వెర్డి రాసిన వాక్యం అచ్చుల మీద సాగుతుంది. జర్మన్ హల్లుల గుత్తులు దాన్ని అడ్డుకుంటాయి. అలా పాడిన రొసీనీ ‘బార్బర్ ఆఫ్ సెవిల్’లోని ఆల్మవీవాను గాని, చైకోవ్‌స్కీ ‘యూజీన్ ఒనేగిన్’లోని లెన్‌స్కీని గాని ఇతర దేశాల టెనర్లతో పోల్చడం సమంజసం కాదు.

రెండోది, మైక్రోఫోన్. 1960ల స్టూడియో రికార్డింగు గాయకుణ్ని వాద్యబృందానికి ముందు కూర్చోబెడుతుంది. ఒట్టో క్లెంపరర్ నిర్వహించిన మాలర్ ‘దాస్ లీడ్ ఫాన్ డెర్ ఎర్డె’ను తీసుకోండి, ఇద్దరు గాయకులకూ వాద్యబృందానికీ రాసిన పాటల మాల అది. మొదటి పాటలో వాద్యబృందం అలలు అలలుగా మీద పడుతుంది. వాగ్నర్ పాడే బరువు గొంతులే అక్కడ మునిగిపోతాయి. లిరిక్ టెనర్ నిలబడ్డాడంటే అది సాంకేతిక నిపుణుల చలవే గాని గాయకుడి గొప్ప కాదు. పైగా అందులో ఆయనా, రెండో గాత్రమైన గాయని క్రిస్టా లుడ్‌విగ్ కలిసి పాడలేదు. లుడ్‌విగ్ భాగాలను 1964, 1966ల్లో వేరే విడతల్లో రికార్డు చేశారు.

మూడోది, కవితాగానం, అంటే పియానో తోడుగా కవితలను పాడడం. షూబెర్ట్, షూమన్ పాటల్లో ఆయన గొంతు సౌందర్యం మీద ఆధారపడి మాటల అడుగున ఉన్న చీకటిని వదిలేశాడు. ఫిషర్-డీస్కావ్ పాడిన షూబెర్ట్ పాటల మాల ‘డీ షోనె మ్యూలరిన్’ విన్న చెవికి వుండర్లిష్ పాడినది ఎండపూట షికారులా ఉంటుంది. ఇక చివరి ఏళ్లలో వాద్యాల హంగుతో పాడిన ‘గ్రనాడా’ వగైరా జనాకర్షక గీతాల గురించి నేను మాట్లాడను.

గోదావరి గట్టు

పాతరికార్డు గారి రెండో వాదనకు జవాబు టేపు రూపంలోనే ఉంది. 1964 జూన్‌లో వియన్నాలో యోజెఫ్ క్రిప్స్ నిర్వహణలో, వియన్నా సింఫొనీ వాద్యబృందంతో, ఫిషర్-డీస్కావ్ తోడుగా వుండర్లిష్ అదే మాలర్ రచనను సభలో పాడాడు. ఆ ప్రత్యక్ష కచేరీ రికార్డింగు చాలా ఏళ్ల తరువాత, 2011లో డాయిచె గ్రామోఫోన్ ద్వారా బయటికి వచ్చింది. అక్కడ ఏ నిపుణుడూ మీటలు తిప్పి గొంతును ముందుకు తేలేదు. మొదటి పాటలో కొన్నిచోట్ల వాద్యబృందం పైచేయి సాధించిన మాట వాస్తవమే, అది మాలర్ రాసిన తీరు. ముఖ్య వాక్యాలు మాత్రం దాన్ని చీల్చుకొని వస్తాయి, అదీ అరుపు వల్ల కాదు. ఆయన గొంతులో ఒక లోహపు అంచు ఉంది. మంద్రంగా పాడినప్పుడు అది కనపడదు, అవసరమైనప్పుడు బయటికొస్తుంది. మూడో పాటలో మళ్లీ అదే గొంతు పింగాణీ మండపం కథను చిరునవ్వుతో చెబుతుంది. స్టూడియోలో విన్నదీ సభలో విన్నదీ ఒకే గాయకుడని తేల్చడానికి ఇంతకన్నా ఆధారం అక్కర లేదు.

కృష్ణాతీరం

పాతరికార్డు గారి మొదటి వాదన గురించి. జర్మన్‌లో పాడడం ఆయన ఎంచుకున్న పద్ధతి కాదు, ఆ కాలపు నాటకశాలల పద్ధతి. ప్రేక్షకుడికి కథ అర్థం కావాలన్న ఉద్దేశంతో యుద్ధానంతర జర్మనీలో దాదాపు అన్ని ఒపెరాలనూ జర్మన్‌లోనే ప్రదర్శించేవారు. వియన్నాలో నిర్వాహకుడు కరాయాన్ 1956 తరువాత మూలభాషల పద్ధతి ప్రవేశపెట్టాక గాని ఆ గాలి మారడం మొదలుకాలేదు. మ్యూనిక్‌లో 1965లో వెర్డి ‘లా ట్రావియాటా’ను ఇటాలియన్‌లోనే ప్రదర్శించారు. వయొలెట్టాగా టెరేసా స్ట్రాటాస్, ఆల్ఫ్రెడోగా వుండర్లిష్, అతని తండ్రిగా హెర్మన్ ప్రై పాడగా జుసెప్పె పటానె నిర్వహించాడు. దాని టేపు దొరుకుతుంది. ఇటాలియన్ అచ్చుల మీద ఆ గొంతు ఎలా సాగుతుందో అందులో వినవచ్చు. ఉచ్చారణలో అక్కడక్కడా జర్మన్ వాసన ఉన్నా, వాక్యం విరగదు.

లెన్‌స్కీ సంగతి వేరు. మ్యూనిక్‌లో 1962లో యోజెఫ్ కైల్‌బెర్ట్ నిర్వహణలో జర్మన్‌లో పాడిన ‘యూజీన్ ఒనేగిన్’లో, ద్వంద్వయుద్ధానికి ముందు కవి తన గడిచిన యౌవనాన్ని తలచుకొనే పాటను విని, భాష తప్పని తోసిపుచ్చగలిగినవారిని నేను చూడలేదు. పైగా మాతృభాషలో పాడడం వల్ల అక్కడ ప్రతి మాటా నోటిలో పుట్టి బయటికొస్తుంది. అరువు భాషను కంఠస్థం చేసి పాడే గాయకుల్లో అది అరుదు.

మూడోకాలం

తానం గారు చెప్పిన పాట విన్నాను. ఆ గెంతు దగ్గర ఆపి ఆపి మళ్లీ విన్నాను. నాకు ఉన్న ఇబ్బంది ఈయన విషయంలో లేదు. ఒక సందేహం మాత్రం ఉంది. ఇంత బాగా ఒపెరా పాడేవాడు కవితాగానంలో ఎందుకు వెనకబడ్డాడని పాతరికార్డు గారు అంటున్నారు? రెండూ పాటలే గదా?

నెక్కర్ ఒడ్డు

మూడోకాలం గారూ, ఆ రెండింటికీ కావలసిన మనోధర్మం వేరు. ఒపెరాలో వేషం, దీపాలు, ఎదుట పాత్ర, కింద గోతిలో వాద్యబృందం ఉంటాయి. జర్మన్ కవితాగానంలో గాయకుడూ పియానో వాద్యకారుడూ మాత్రమే వేదిక మీద నిలబడతారు. రెండు మూడు నిమిషాల్లో ఒక కవితలోని మనిషిని సృష్టించి, చప్పట్లు లేకుండా మరో కవితలోకి వెళ్లాలి. షూమన్ 1840లో హైనె కవితలకు బాణీలు కట్టిన ‘డిష్టర్‌లీబె’లో 16 పాటలు ఉన్నాయి. మొదటి పాట తీర్మానం లేని స్వరసమూహం మీద గాలిలో ఆగిపోతుంది, రెండో పాట మొదలైతే గాని చెవికి ఊరట దొరకదు. చివరి పాట తరువాత పియానో ఒంటరిగా చాలాసేపు మాట్లాడుతుంది, గాయకుడు ఆ సేపంతా నోరు విప్పకుండా పాత్రలో నిలబడాలి. ఇవన్నీ ఒపెరాలో నేర్చుకోలేని సంగతులు.

1960ల తొలినాళ్లలో ఈ రంగంలోకి గంభీరంగా దిగినప్పుడు వుండర్లిష్‌కు ఈ సంగతులు పూర్తిగా పట్టుబడలేదని ఆనాటి విమర్శకులు రాశారు, అది న్యాయమైన మాటే. ఆయన చేసిన పని ఏమిటంటే స్టుట్‌గార్ట్‌లో అధ్యాపకుడైన పియానిస్టు హూబర్ట్ గీజెన్ దగ్గర మళ్లీ విద్యార్థిలా కూర్చోవడం. ఒకప్పుడు బాలమేధావి యెహూదీ మెనూహిన్‌కు పక్కన వాయించిన అనుభవజ్ఞుడు గీజెన్. అప్పటికే మ్యూనిక్, వియన్నా ఒపెరాల్లో ప్రధాన టెనర్ అయిన మనిషి తనకన్నా చాలా పెద్దవాడైన ఒక పియానిస్టు చెప్పినట్టు ఒక్కో పాటనూ మాట మాటగా విప్పుకొని నేర్చుకోవడం మామూలు విషయం కాదు.

ఫలితం టేపుల్లో ఉంది. 1965 ఆగస్టులో సాల్జ్‌బర్గ్‌లో పాడిన ‘డిష్టర్‌లీబె’నూ, 1966 సెప్టెంబర్ 4న ఎడిన్‌బరో అషర్ హాల్‌లో పాడిన ‘డిష్టర్‌లీబె’నూ వరుసగా వినండి. రెంటికీ మధ్య ఒక ఏడాది మాత్రమే. సాల్జ్‌బర్గ్‌లో అందం ముందు నడుస్తుంది, కవి వెనక నడుస్తాడు. ఎడిన్‌బరోలో కవి ముందుకు వచ్చాడు. ‘ఇష్ గ్రొలె నిష్ట్’ పాటలో నిందించను, నిందించను అంటూనే నిందించే ఆ వ్యంగ్యం మొదటిసారి పూర్తిగా వినిపిస్తుంది. అవి స్టూడియో నాణ్యత గల టేపులు కావు, దగ్గులు కూడా వినపడతాయి. ఎడిన్‌బరో కచేరీ ఆయన చివరి కచేరీ అయింది.

పాతరికార్డు

నెక్కర్ ఒడ్డు గారు చెప్పింది నా వాదనకే బలం చేకూరుస్తోంది. 1966లో ఆయన ఇంకా నేర్చుకుంటూ ఉన్నాడన్నమాట. మరి ఆ ఏడాది జులైలో రికార్డు చేసిన ‘డీ షోనె మ్యూలరిన్’ను పరిపూర్ణ రచనగా ఎందుకు పూజించాలి? షూబెర్ట్ 1823లో రాసిన ఆ 20 పాటల్లో మొదటి సగంలో కుర్రవాడి ఉత్సాహం ఆయనకు అతికినట్టు సరిపోయింది. వేటగాడు ప్రవేశించిన తరువాత అసూయ, నిరాశ, చివరికి ఏటి నీటిలో చావు వరకు వెళ్లే రెండో సగంలో ఆ గొంతు తగినంత మాసిపోలేదు. మాసిపోవడం కూడా కళలో భాగమే.

రాతివీణ

ఆ మాటకు నేను వేరే విధంగా స్పందిస్తాను. ఆ పాటల్లోని మిల్లు కుర్రవాడు తనకు జరుగుతున్నది అర్థం చేసుకోలేని అమాయకుడు. అర్థం చేసుకున్న గాయకుడి గొంతుతో పాడితే, కుర్రవాడు తన కథను తానే విమర్శించుకుంటున్నట్టు అవుతుంది. ఫిషర్-డీస్కావ్ విషయంలో నాకున్న అసంతృప్తి అదే. వుండర్లిష్ కుర్రవాణ్ని కుర్రవాడిగానే ఉంచాడు. 18వ పాటలో ఎండిన పూలతో మాట్లాడేటప్పుడు స్వరంలో ఏడుపు లేదు, వసంతం వస్తుందని పాడే చోట నమ్మకంతో పాడతాడు, ఆ నమ్మకం వినేవాడికి భరించరానిదిగా ఉంటుంది. ఇది రుచికి సంబంధించిన విషయమని అంగీకరిస్తాను గాని, లోతు లేదనడం సరి కాదు.

తానం

లిరిక్ టెనర్ అనే ముద్ర వల్ల మరుగున పడిన ఒక పార్శ్వాన్ని గుర్తు చేయాలి. 1959లో మ్యూనిక్‌లో యానాచెక్ రాసిన ‘బ్రౌచెక్’ ఒపెరాలో పాడాడు. 1963 నవంబర్‌లో, యుద్ధంలో ధ్వంసమైన మ్యూనిక్ నేషనల్ థియేటర్‌ను పునర్నిర్మించి తెరిచిన ఉత్సవాల్లో, వెర్నర్ ఎక్ కొత్తగా రాసిన ‘డీ ఫెర్‌లోబుంగ్ ఇన్ సాన్ డొమింగో’ మొదటి ప్రదర్శనలో ప్రధాన పాత్ర ధరించాడు. 1964 డిసెంబర్‌లో వియన్నాలో ఫిట్స్‌నర్ ‘పలెస్ట్రీనా’లో నామ పాత్ర పాడాడు. అది వయసు మళ్లిన, జీవితం మీద ఆశ వదులుకున్న స్వరకర్త పాత్ర. ముప్ఫై నాలుగేళ్ల వాడు దాన్ని ఒప్పించడం నాకు టమీనో కన్నా ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది. బోమ్ నిర్వహించిన బెర్గ్ ‘వోట్సెక్’ రికార్డింగులో ఆండ్రెస్ అనే సైనికుడి చిన్న పాత్ర ఆయనదే. పేరున్న టెనర్లు అలాంటి వేషానికి ఒప్పుకోరు. స్టుట్‌గార్ట్ బృందంలో పెరిగిన మనిషి కాబట్టి ఒప్పుకున్నాడని అనుకుంటాను.

వాగ్నర్ వైపు కూడా ఒక తలుపు తెరిచే ఉంది. 1960లో ఫ్రాంజ్ కొన్విచ్నీ నిర్వహించిన రెండు రికార్డింగుల్లో, ‘ఫ్లయింగ్ డచ్‌మన్’లో పడవ చుక్కాని పట్టేవాడిగా, ‘టాన్‌హోయిజర్’లో వాల్టర్‌గా పాడాడు. రెండూ చిన్న పాత్రలే. పెద్ద పాత్రల జోలికి తొందరపడి పోకపోవడం ఆయన వివేకం.

మూడోకాలం

ఆయన ఒక కోటలో మెట్ల మీద నుంచి పడి చనిపోయాడని ఒకచోట చదివాను. నిజమేనా?

నెక్కర్ ఒడ్డు

కోట అని చాలాచోట్ల రాస్తారు గాని, అది ఓబర్‌డెర్డింగెన్ అనే ఊరిలో ఒక స్నేహితుడి ఇల్లు. ఎడిన్‌బరో నుంచి వచ్చాక వేటకని అక్కడికి వెళ్లాడు. రాతి మెట్లు దిగుతూ పట్టు తప్పాడు. బూటు తాళ్లు సరిగా కట్టుకోలేదనీ, ఊతానికి పట్టుకున్న తాడు ఊడివచ్చిందనీ చెబుతారు. పుర్రె పగిలింది. హైడెల్‌బర్గ్ ఆసుపత్రికి తరలించారు గాని, సెప్టెంబర్ 17న మరణించాడు. మ్యూనిక్ వాల్డ్‌ఫ్రీడ్‌హోఫ్ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆ అక్టోబర్‌లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపెరాలో ‘డాన్ జొవాన్ని’లోని ఒట్టావియో పాత్రతో ఆయన అమెరికా ప్రవేశం జరగవలసి ఉంది.

గోదావరి గట్టు

ఆ మరణం వల్ల ఆగిపోయిన పనుల్లో ఒకదాని జాడ ఇప్పటికీ వినవచ్చు. కరాయాన్ నిర్వహణలో హైడన్ ‘క్రియేషన్’ రికార్డింగు 1966లో మొదలైంది. యూరియెల్ దేవదూత పాడే ఏకగీతాలనూ బృందభాగాలనూ వుండర్లిష్ పూర్తి చేశాడు గాని, మాటల ధోరణిలో సాగే కొన్ని భాగాలు మిగిలిపోయాయి. వాటిని వెర్నర్ క్రెన్ అనే మరో టెనర్ పాడాడు. ఒకే పాత్రలో రెండు గొంతులు వినిపించే ఆ రికార్డును 1969లో విడుదల చేశారు. క్రెన్ మంచి గాయకుడు. అయినా రంగు మారిన క్షణం కొత్త శ్రోతకు కూడా తెలిసిపోతుంది. కృష్ణాతీరం గారు అడిగిన ప్రశ్నకు ఇది ఒక రకమైన పరీక్ష. మరణం కథ ఏమాత్రం తెలియనివారికి వినిపించి, ఏ గొంతు ఎక్కడ మారిందో అడగండి.

పాతరికార్డు

పరీక్ష న్యాయమైనదే. క్రిప్స్ టేపు గురించి గోదావరి గట్టు గారు చెప్పింది విన్నాక మైక్రోఫోన్ వాదనను ఇక సాగదీయను. కానీ గొప్ప టెనర్ ఎవరంటే ఇటాలియన్ టెనర్ పవరోట్టీ ఆయన పేరు చెప్పాడనీ, 2008లో బీబీసీ మ్యూజిక్ పత్రిక కోసం విమర్శకులు చేసిన గొప్ప టెనర్ల ఎంపికలో నాలుగో స్థానం దక్కిందనీ ఎవరైనా రాయబోతే ముందే చెబుతున్నాను, ఆ జాబితాలకు నా దగ్గర విలువ లేదు. ‘గ్రనాడా’ విషయంలోనూ నా అభిప్రాయం మారదు.

కృష్ణాతీరం

జాబితాల విషయంలో మీతో నాకు పేచీ లేదు. పవరోట్టీ మాటను మాత్రం కొంత వేరుగా చూస్తాను. గొంతు తయారీ, శ్వాస, స్థాయి మార్పు అనే పనులను జీవితాంతం చేసినవాడు, తనకన్నా ముందు అదే పని చేసినవాడి గురించి చెప్పిన మాట అది. ‘గ్రనాడా’ను కూడా నేను సమర్థిస్తాను. ఆ పాటలో ఆయన అల్లరి చేస్తున్నాడు, అల్లరి చేస్తున్నానని దాచుకోవడం లేదు. నాట్యబృందాల్లో అకార్డియన్ వాయించిన కుర్రవాడు ఒపెరా గౌరవాల కింద ఎక్కడికీ పోలేదని అది వింటే తెలుస్తుంది. అదే గాయకుడు అదే ఏడాది, 1965లో, కార్ల్ రిఖ్టర్ నిర్వహించిన బాఖ్ ‘క్రిస్మస్ ఒరటోరియో’లో (వేషాలు లేకుండా పాడే మతకథ అది) కథ చెప్పే సువార్తికుడిగా పాడాడు.

మూడోకాలం

అయితే తరువాత అదే వింటాను. అందులో ఏ భాగం ముందు వినాలి?

తానం

రెండో భాగంలో గొల్లవాళ్లను త్వరపెట్టే ‘ఫ్రోహె హిర్టెన్’ పాటతో మొదలుపెట్టండి. పక్కన ఫ్లూట్ ఒక్కటే పరుగులు తీస్తుంది, గాత్రం దానితో పోటీ పడాలి. మధ్యలో పొడవైన స్వరప్రస్తారం వస్తుంది. మీరు ద్రుతకాలంలో ఆకారసాధన చేసినవారే కాబట్టి, ప్రతి స్వరం విడివిడిగా వినిపిస్తూనే గొలుసు తెగకపోవడానికి ఎంత సాధన కావాలో మీకు నేను చెప్పనక్కర లేదు. ఆ తరువాత 1965లోనే ఆయ్‌గెన్ యోఖుమ్ నిర్వహించిన మోజార్ట్ ‘ఎంట్‌ఫ్యూరుంగ్’లో బెల్మోంటె పాత్ర వినండి. ‘డిష్టర్‌లీబె’ను మాత్రం కొన్నాళ్లు ఆగి, కవితల భావం ముందుగా చదువుకొని, ఎడిన్‌బరో టేపులోనే వినండి. పాతరికార్డు గారితో వాదించడానికి అప్పుడు మీకూ అర్హత వస్తుంది.